లాండ్రీ అక్క దాచుకున్న భాష

ఎనభైల మొదట్లో నేను రాస్ అల్ ఖైమాలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. మాది కృష్ణా జిల్లా. ఇంటి దగ్గర వాళ్లకి మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క.

ఒకరోజు పొద్దున్నే రేవు నుంచి ఒక నావికుణ్ని మా వార్డుకి తెచ్చారు. ఓడలో సరుకు దించుతుంటే ఇనుప దూలం కాలిమీద పడిందట. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. హిందీ రాదు, అరబీ రాదు. కాగితాల్లో కంపూచియా అని ఉంది, అదే కంబోడియా. మూడో రోజుకి పాదం నల్లబడింది. మోకాలి కింద తీసెయ్యకపోతే ప్రాణానికే ముప్పన్నారు డాక్టరుగారు. సైగలతో చెప్పబోతే అతను మంచం పట్టీ గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు నాకు లాండ్రీలో పనిచేసే అక్క గుర్తొచ్చింది. నలభై దాటిన మనిషి. తలకి ముసుగు, ఐదు పూటలా నమాజు. అందరూ ఆమెని మలేషియా మనిషనుకునేవాళ్లు. తన పుట్టిల్లు కంపూచియాలో, మెకాంగ్ నది ఒడ్డుననీ, అక్కడివాళ్ల భాష వచ్చనీ నాకొక్కదానికే చెప్పింది. మేం మాట్లాడుకునేది వచ్చీరాని హిందీలో.

వెళ్లి అడిగాను. ఇస్త్రీ చేస్తున్న దుప్పటి మీంచి తలెత్తలేదు.

"ఆ భాష నాకు రాదు సిస్టర్."

"వచ్చని నువ్వే చెప్పావు కదక్కా."

"వచ్చేది. ఖలాస్. ఇప్పుడు రాదు."

మధ్యాహ్నం భోజనాల వేళ తనే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వార్డు బయట బెంచీ మీద కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పింది. ఆ దేశంలో ఎక్కువమంది ఖ్మేరులు, బౌద్ధులు. వీళ్లు చామ్‌లు, ముస్లింలు. భాష కూడా వేరే. కాలువకి ఇటు వీళ్ల పడవలు, వలలు. అటు ఖ్మేరుల వరిపొలాలు. ఆమె చేపల బుట్టతో అవతలికెళ్లి బియ్యంతో తిరిగొచ్చేది. చామ్‌ల ఇంట పెళ్లయితే ఖ్మేరు ఆడవాళ్లొచ్చి కూరలు తరిగేవాళ్లు. వాళ్ల గుడి పండగకి వీళ్లు పడవలిచ్చేవాళ్లు.

"తర్వాత నల్లబట్టల వాళ్లొచ్చి రాజ్యం పట్టుకున్నారు. వాళ్లూ ఖ్మేరులే. మా భాష మాట్లాడితే కొట్టారు. మసీదులో పందుల్ని కట్టేశారు. నా మొగుణ్నీ ఇద్దరు కొడుకుల్నీ మీటింగని తీసుకెళ్లారు."

వాళ్లు తిరిగి రాలేదు. ఆమె సరిహద్దు దాటి, మలేషియా చేరి, అక్కణ్నుంచి ఒక అరబ్బు ఇంట్లో పనికని ఇక్కడికొచ్చింది.

"నువ్వు రావద్దులే అక్కా" అన్నాను.

ఆమె లేచి, ముసుగు సర్దుకుని, లోపలికి నడిచింది.

మంచం పక్కన నిలబడి ఖ్మేరు భాషలో నాలుగు మాటలంది. అతను ఆమెకేసి అలాగే చూశాడు. తర్వాత "బోంగ్, బోంగ్" అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. అక్కా అని పిలవడమట అది. గంటసేపు మాట్లాడుకున్నారు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ తర్వాత రోజూ పని దిగాక వచ్చి అతని దగ్గర కూర్చునేది. డబ్బాలో చింతపండు వేసిన చేపల పులుసు తెచ్చేది. వాసన మా ఇంటి పులుసుదే, కారం మాత్రం తక్కువ. నల్లబట్టల వాళ్ల రోజుల్లో ఎక్కడున్నావని ఒకరోజు అడిగిందట. వాళ్లు తవ్విస్తే కాలువలు తవ్వాననీ, తల్లి ఆకలితో పోయిందనీ చెప్పాడట.

"నమ్మావా?" అన్నాను.

"తవ్వినవాళ్లూ అదే చెబుతారు, కొట్టి తవ్వించినవాళ్లూ అదే చెబుతారు. నాకెలా తెలుస్తుంది సిస్టర్?"

"మరి రోజూ ఎందుకొస్తున్నావు?"

ఖాళీ డబ్బాకి మూత పెట్టింది. "తింటున్నాడో లేదో చూడ్డానికి."

రెండు నెలలకి అతన్ని పంపించేశారు. థాయ్ సరిహద్దులో శరణార్థుల క్యాంపులో చెల్లెలుందట, అక్కడికే. అక్క గుమ్మం దాకా వచ్చింది. అతను చేతులు జోడించబోతే చంకకర్రలు జారాయి. ఆమె పట్టుకుంది.

సాయంత్రం లాండ్రీకి వెళ్తే ఒక్కతే దుప్పట్లు మడుస్తూ సన్నగా పాడుకుంటోంది. ఆమె నోట పాట వినడం నాకదే మొదలు.

"ఖ్మేరు పాటా అక్కా?"

"కాదు, మాది" అంది.

నేను దుప్పటి రెండో కొస పట్టుకున్నాను.