క్లీనర్ పక్క వంపు

సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం నా పని. చేరిన మొదటి వారం మేస్త్రి నా తెర చూసి అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేదు. క్యాబిన్‌కి ముందు అద్దం పైన వచ్చే నుదుటి రేకు సగమే గీసి ఉంది.

"ఏటి పాపా, డ్రైవర్ పక్కే గీసినావు? క్లీనర్ నడిసొస్తాడేటి?"

వెల్డింగ్ వాళ్లందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో వరసగా చెప్పగలను. రెండో సగం గీయనక్కర్లేదని, నడిమి గీతను అద్దంగా పెట్టి మిర్రర్ నొక్కితే అదే వస్తుందని చెప్పబోయాను. వినేదెవరు?

మిర్రర్ నొక్కితే రెండో సగం అనుకున్నట్టే వచ్చింది. అంతలో ఓనరు వచ్చి రేకు పై వంపును అంగుళం లేపమన్నాడు. లాగాను. కదలకపోగా గీతలన్నీ ఎర్రబడ్డాయి. ఈ చివర జరగకూడదు, ఈ వంపు ఆ గీతను ఒరుసుకునే ఉండాలి, ఈ ఎత్తు ఇంతే ఉండాలి అని నేనే పెట్టిన షరతులు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. కన్‌స్ట్రయింట్లంటారు వాటిని. విసుగొచ్చి, ఎరుపు పోయేదాకా ఒక్కొక్కటే తీసేశాను. రెండు పక్కలనూ జంటగా పట్టి ఉంచే షరతు కూడా వాటితోనే పోయింది. తెర మీద డ్రైవర్ పక్కనే పెద్దది చేసి లేపుతున్నాను కదా, క్లీనర్ పక్క లేవలేదని గమనించలేదు.

రేకు బండికెక్కాక చూస్తే లారీ ఒక కనుబొమ్మ ఎగరేసినట్టుంది.

"బండికి పక్షవాతం వొచ్చినాదిరా!" అని మేస్త్రి రోడ్డు మీదికి వినబడేలా అరిచాడు.

ఓనరు నవ్వలేదు. "ఇంకొక్క రేకు పాడైతే కంప్యూటర్ అమ్మేస్తాను. మేస్త్రి అచ్చులు కోసుకునే అట్టముక్కలే నయం."

కంప్యూటర్ పోతే ఆ షెడ్డులో నాకేం పని? తప్పు నాదేనని ఒప్పుకుంటాను. పక్షవాతం మాత్రం ఒప్పుకోను.

ఆ రోజు నుంచి మేస్త్రి పనిని కాపు కాశాను, ఒక్క తప్పయినా పట్టుకుందామని. దొరకలేదు. ఏ రేకు తెచ్చినా ముందు నడిమిన సుద్ద పూసిన దారం లాగి గీత కొడతాడు. తరవాత మూడో నాలుగో కొలతలు, అంతే. మిగతాదంతా వాటిని బట్టే నడుస్తుంది. నేనేమో ఆ సగం నుదుటికే పద్దెనిమిది షరతులు పెట్టాను.

మళ్లీ మొదలుపెట్టాను. నడిమి గీతను బిగించాను. డ్రైవర్ పక్క గీసి, అవసరమైన షరతులే పెట్టి, మిర్రర్ నొక్కాను. వంపును లాగితే క్లీనర్ పక్క కూడా లేచింది. దించితే దిగింది. నమ్మకం కుదరక ఇరవైసార్లు లాగాను.

విజయనగరంలో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి తెచ్చాను. మేస్త్రి టేపు తీయలేదు. కాగితాన్ని నడిమి గీత మీద మడిచి ఎండకెత్తి పట్టాడు.

"ఒక్క గీతే కనబడతన్నాది," అన్నాడు. ఇంకాసేపు చూసి, వెనక్కి తిరిగి కేకేశాడు. "కొయ్యండ్రా!"

ఆ బండి రెండు కనుబొమ్మలూ సమంగా పెట్టుకుని ఒడిశా ఘాట్ ఎక్కింది. మేస్త్రి ఆ పక్షవాతం మాట ఇంతవరకూ వెనక్కి తీసుకోలేదు. నేనూ దాన్ని మనసులోంచి వదలలేదు. కానీ ఇప్పుడు కొత్త బండి వస్తే ఆయన అట్టముక్క వెతకడు. నా కుర్చీ వెనక నిలబడి, "ఇంకొంచెం లేపు పాపా, సూద్దాం," అంటాడు.

నేను డ్రైవర్ పక్కనే లాగుతాను. క్లీనర్ పక్క లేచినప్పుడల్లా వెనక్కి తిరిగి ఆయన మొహం చూస్తాను.