రోజూ వచ్చే ప్రశ్న

మా బాపు పోయిన పన్నెండో రోజు సాయంత్రం కూడా మెసేజ్ వచ్చింది. ‘ఈ రోజు పొగ తాగారా? తాగితే 1, తాగకపోతే 2 నొక్కండి.’ నాకు ఏడుపు రాలేదు. ఫోన్ బోర్లించి బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను.

ఆ మెసేజ్ బస్తీ దవాఖానా నుంచి వస్తుంది. బాపుతో బీడీలు మాన్పించాలని అక్కడి డాక్టరమ్మ ఈ మెసేజ్‌ల లిస్టులో ఆయన పేరు ఎక్కించింది. నంబర్ మాత్రం నాది. గౌలిపురలో మా గల్లీ పద్ధతే అంత. రేషన్‌కైనా గ్యాస్‌కైనా ఇంట్లో చదువుకున్న పిల్ల నంబరే రాస్తారు.

మెసేజ్ వచ్చే వేళకు బాపు కొట్టంలో బర్రెల పాలు పిండుతుండేవాడు. మొదటి రోజు ఉన్నమాటే చెప్పి 1 నొక్కాను. వెంటనే నర్సమ్మ బాపుతో ఫోన్‌లో మాట్లాడింది, మెత్తగానే. అయినా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు మళ్లీ అడిగాను.

"ఒక్కటే తాగిన బిడ్డా. గది గూడ లెక్కనా?"

నవ్వొచ్చి 2 నొక్కాను. తరువాత అడగడమే మానేసి రోజూ 2 నొక్కేదాన్ని. ఇంట్లో లొల్లి లేదు, అదే చాలనుకున్నాను.

దగ్గు ముదిరాక ఆయన్ను దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ కంప్యూటర్‌లో చూసింది. మొదట ఒక ఎర్ర గీత, తరువాత అన్నీ పచ్చవే. బీడీ మానేశాడు కదా, ఇది గడ్డి దుమ్ము వల్ల వచ్చే దగ్గే అయి ఉంటుందని మందు రాసింది. బాపు నావైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. మా గల్లీ మలుపు తిరగ్గానే ఆయన బీడీ ముట్టించాడు. నేను ఆపలేదు.

పెద్దాసుపత్రికి వెళ్లేసరికి ఊపిరితిత్తిలో గడ్డ బాగా పెరిగిపోయింది. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ కంచె నేనే.

ఆ పన్నెండో రోజు మెసేజ్ వచ్చిన మర్నాడు నంబర్ తీయించడానికి బస్తీ దవాఖానాకు వెళ్లాను. బాపు లాగా మానేసినవాళ్లు లేరనీ, ఆ పచ్చ గీతలే అందరికీ చూపిస్తున్నామనీ నర్సమ్మ చెప్పింది. అప్పుడైనా నోరు విప్పాల్సింది. తల ఊపాను.

పక్క బల్ల మీద ఒక అమ్మాయి వాళ్ల నాన్న కోసం అదే ఫారం నింపుతోంది. నంబర్ దగ్గరికి వచ్చి తనది రాయబోయింది.

"మీ బాపుది రాయి," అన్నాను.

ఆయనకు చదువు రాదంది.

"రాకున్నా సరే. రోజూ ఆయన్నే అడగనీ."