పత్తెం తప్పని కొమురవ్వ

సిద్దిపేటలో సిద్ధయ్య షుగరు పొడికి తిరుగులేదు. పొడి గొప్పదై కాదు, దానికి పెట్టిన పత్తెం గొప్పది. వంకాయ ముట్టొద్దు, పుంటికూర వాసన చూడొద్దు, మాంసం సంగతి మనసులో కూడా అనుకోవద్దు. పెండ్లిలో తినొద్దు, చావులో తినొద్దు. సిద్దిపేటలో నలుగురు చుట్టాలున్న మనిషికి ఇది అయ్యే పనేనా? షుగరు తగ్గితే పొడి మహిమ. తగ్గకపోతే సిద్ధయ్య కళ్లు చిన్నవి చేసి, "ఏం తిన్నవ్?" అనేవాడు. ఎదుటివాడు తల వంచుకుని, "అల్లుడొస్తే ఒక్క ముక్క..." అని నసిగేవాడు. అంతే, కేసు కొట్టేసినట్టే. తప్పు ముక్కది, శిక్ష రోగిది, ఇంకో పొట్లం అదనం.

ఆ పొడి తయారుచేసేది ఆయన భార్య కొమురవ్వ. దౌల్తాబాద్ పిల్ల. పెళ్లయిన కొత్తలో మగ్గానికి కండెలు చుట్టింది, మొగుడు భీవండి పోతే బీడీలు చుట్టింది. అక్కడ మరమగ్గాల పని పోయి ఆయన వైద్యుడై తిరిగొచ్చాక నేరేడు గింజలు, మెంతులు, ఎండు కాకర మిక్సీలో తిప్పుతోంది. విద్య ఎవరు నేర్పారంటే, రైల్లో కలిసిన సాధువని మొదట్లో అనేవాడు. గిరాకీ పెరిగాక ఆ సాధువు మకాం హిమాలయాలకు మారింది. కొమురవ్వ లోలోపల నవ్వుకునేది. నవ్వుకుంటూనే నమ్మేది, అదీ విచిత్రం.

వచ్చేవాళ్లేమీ చదువురానివాళ్లు కారు. హెల్మెట్ తీయకుండా లోపలికి దూరే బ్యాంకు సారు కూడా ఉన్నాడు. దవాఖానలో డాక్టరు తలెత్తకుండా చీటీ రాసిస్తే, సిద్ధయ్య మాత్రం బర్రె ఈనిందా, కొడుక్కు పిల్ల కుదిరిందా అని తీరుబడిగా ముచ్చట పెట్టేవాడు. సగం జబ్బు ఆ ముచ్చటకే తగ్గేదేమో. మిగతా సగమే, పాపం, ఏం చేసినా తగ్గేది కాదు.

ఖర్మ కాలి కొమురవ్వకే షుగరు వచ్చింది. బిడ్డ శ్వేత దవాఖానకు తీసుకుపోయి గోలీలు తెచ్చింది. సిద్ధయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"గోలీలేందే? నలుగురు చూస్తే నా మొకం మీద ఉమ్మెయ్యరా? పెరటిచెట్టు మందుకు పనికిరాదంటే గిదే!"

"పొడి తింటే తిననియ్యిగని గోలీ మాత్రం ఆపొద్దన్నడు బాపూ డాక్టరు," అంది శ్వేత.

"రెండు పడవల మీద కాళ్లు పెట్టుడు నా ఇంట్ల నడువది."

గోలీలు బియ్యం డబ్బా వెనక్కి పోయాయి. కొమురవ్వ పత్తెం పట్టింది. పట్టడమంటే ఉత్త పట్టడం కాదు. చెల్లెలి కొడుకు పెండ్లిలో అందరూ మూలుగ జుర్రుతుంటే చారన్నం తిని లేచింది. బోనాలకు కోడికూర తనే వండి, ఉప్పు సరిపోయిందో లేదో కూడా చూడలేదు. సిద్ధయ్య పత్తెం తప్పని మొట్టమొదటి మనిషి ఆమే. కాపలా ఉన్నది స్వయానా వైద్యుడే మరి.

కాలి వేలు నల్లబడింది. ఆయన పొడి పెంచాడు. వాసన మొదలయ్యాక శ్వేత తండ్రిని ఒక్క మాటైనా అడగకుండా ఆటో పిలిచింది. దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పాదమే పోయేదన్నారు. ఆపరేషన్ గది బయట సిద్ధయ్య ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. బిడ్డ ఆ మాట చెబితే విని కొమురవ్వ కరిగిపోయింది, పిచ్చిది.

ఆమె ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే అరుగు నిండా జనం. కొమురవ్వ లోపల మంచం మీద ఉంది, తలుపు తెరిచే ఉంది. నంగునూరు నుంచి వచ్చిన నర్సయ్య పొడి పొట్లం చేతిలో పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"సిద్ధన్నా, వదినకు కాలి వేళ్లు తీసిన్రట గదా. మరి పొడి మీ ఇంట్లనే ఉండె..."

సిద్ధయ్య నేల చూశాడు, గోడ చూశాడు. ఇన్నేళ్ల కాపురం ఒక పక్క, పొడి డబ్బా ఒక పక్క. చివరికి పెద్దగా నిట్టూర్చాడు.

"ఏం జెప్పాలె తమ్మీ. నోరు ఊకుంటదా? నాకు తెల్వకుంట ఏదో తిన్నది."

వేళ్లు తీసినప్పుడు కూడా కొమురవ్వకు అంత మండలేదు. గోడ పట్టుకుని, కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ గడప దాకా వచ్చింది.

"అయ్యో అక్కా," అంది తొగుట నుంచి వచ్చిన కొండవ్వ జాలిగా. "ఏం తిన్నవే?"

"ఈయన పొడి తిన్న," అంది కొమురవ్వ. "వంకాయ తినలే, ముక్క తినలే, గోలీ సుత తిననియ్యలే. ఈయన చేతిల పొడే తిన్న."

నర్సయ్య పొట్లాన్ని మెల్లగా అరుగు మీద పెట్టి చెప్పులు వెతుక్కున్నాడు. మొగుడి వైద్యం ఇవాళ్టితో సరి అనుకుంది కొమురవ్వ. బాధగానూ ఉంది, కడుపులో చల్లగానూ ఉంది.

కొండవ్వ మాత్రం కదలలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని బాగా ఆలోచించింది.

"అక్కా, మరి గా పొడి పాలల్ల తాగినవా, నీళ్లల్లనా?"

"నీళ్లల్ల."

"గదీ!" అని కొండవ్వ తొడ చరిచింది. "పాలల్ల తాగకపోతివి, గందుకే గిట్లయింది!"

నర్సయ్య చెప్పులో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. సిద్ధయ్య తలెత్తాడు.

"ఎన్నిసార్లు జెప్పిన్నో ఆమెనే అడుగున్రి," అన్నాడు, పెళ్లాం వైపు చూడకుండా.