దొర గడిల అద్దం నేల

సిద్దిపేటల వడ్రంగం చేసే వడ్ల ఉప్పలయ్య చేతికి లొంగని కట్టె లేకుండె. లొంగనిది దొర ఒక్కడే.

జర్మనీ యుద్ధం అయిపోయిన ఏడాది దొర పట్నం పోయొచ్చి ఉప్పలయ్యను కోటసొంటి తన గడికి పిలిపించిండు. గడిల వంటర్ర పట్టపగలే చీకటి.

"ఉప్పలిగా, వంటర్ర మీదున్న నా అర్రల నేల నడిమిట్ల అద్దం పెట్టు. కిందికి వెలుతురు పడాలె, పైన నేను నడవాలె."

"అద్దం మీద నడుసుడేంది దొరా, పగులది?"

"పట్నంల నడుస్తున్రు. నీకు చాతగాదా?"

దొర ముందట చాతగాదన్నోడు ఊర్ల బతికినట్టే! ఉప్పలయ్య తలూపిండు.

చిటికెనవేలు మందం అద్దం పలకలు గడ్డిల చుట్టుకొని పట్నం బస్సుల వచ్చినయి. ఒకదాన్ని రెండు మొద్దుల మీద మూరన్నర ఎడంతోటి పెట్టి జొన్నబస్తాలు ఎత్తేసిండు. మూడో బస్తాకు ఠప్పుమన్నది. కట్టెయితే ఇరిగే ముందు కిర్రుమంటది. ఇది చెప్పకుంటనే పాయె. ఆ బస్తాల జాగల ఉప్పలయ్యకు దొర బొజ్జ యాదికొచ్చింది.

మొద్దుల ఎడం జానెడు చేసిండు. ఆరు బస్తాలేసినా చెక్కుచెదరలే. ఇగ జానెడుకొక టేకు దూలం బిగించి, అద్దం కట్టెకు తగలకుంట సైకిల్ టైరు ముక్కలు పరిచిండు. మీది పలక పగిలినా కిందిది ఆపాలని రెండేసి పలకలు జోడుగ పెట్టిండు.

పని అయినంక దొర, "ముందుగాల నువ్వు నిలబడు," అన్నడు.

ఉప్పలయ్య నిలబడ్డడు, ఎగిరిండు, ఐదుగురు పాలేర్లను ఎక్కిచ్చిండు. అప్పుడు దొర మీసం దువ్వుకుంట నడిమిట్లకు వచ్చి నిలబడ్డడు.

కింద వంట చేసే ఐలవ్వ తలెత్తి చూసి కేకేసింది. "అయ్యో దొరా, జర పక్కకు జరుగుండ్రి! మీ ధోతి లోపటిదంత గీడికి అవుపడుతున్నది!"

పాలేర్లు గోడ దిక్కు తిరిగి దగ్గుకుంట నవ్విన్రు. దొర ఒక్క దూకుల గడప మీదున్నడు.

"ముందుగాల చెప్పలేదేందిరా?"

"మీరు బరువు సంగతే అడిగిన్రు దొరా."

ఇంటికి పోయి చెప్తే ఉప్పలయ్య పెండ్లాం బుచ్చవ్వ నవ్వి నవ్వి కూలబడ్డది. కండ్లు తుడుచుకొని, "ఇసుకేసి రుద్దరాదు? మసకైతది. వెలుతురొస్తది, మనిషి అవుపడడు," అన్నది.

ఇద్దరు మూడు రోజులు తడి ఇసుక, రాయి పట్టుకొని అద్దం మీది మొఖం రుద్దిన్రు. జారుడు గూడ తగ్గింది. వంటర్రల పాలసొంటి వెలుతురు పడ్డది. ఐలవ్వ ఇగ బయటి వెలుతురుకు పోకుంట బియ్యంల రాళ్లు కూసున్నకాడనే ఏరుకున్నది.

కిందికి అవుపడదని తెలిసినా దొర మాత్రం బతికినన్ని దినాలు అద్దం తొక్కకుంట గోడ పొంటే నడిచిండు. ఉప్పలయ్య గడికి ఏ పని మీద పోయినా, సరిగ్గ అద్దం నడిమిట్ల నిలబడి దొరతోటి మాట్లాడేటోడు.