పేరు పెట్టని ఇరవై ఏడు ఫోల్డర్లు

మా ఆఫీసుకి కంప్యూటర్ వచ్చినప్పుడు, టైపు తెలిసినవాణ్ణని నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. నా వేళ్ళు పరుగెత్తేవి. బుద్ధి వాటి వెనకాల చెప్పులు వెతుక్కుంటూ వచ్చేది.

రాయపూర్‌లో మాది వ్యాగన్లు బాగుచేసే కార్ఖానా ఆఫీసు. అక్కడ కొత్త ఫైలు తెరిస్తే అట్ట మీద పేరు రాసే హక్కు హెడ్ క్లర్కు బడేబాబుది. పదిహేడేళ్ళ నౌకరీలో నేనొక్క అట్టకీ పేరు పెట్టలేదు. అంతెందుకు, నా ఇద్దరు పిల్లలకీ పేర్లు మా నాన్నే పెట్టాడు.

కంప్యూటర్లో కొత్త ఫోల్డర్ అనగానే పసుప్పచ్చ అట్ట ఒకటి పుట్టి, పేరేమిటని అడిగేది. బడేబాబేమో కంటి ఆపరేషనుకి సెలవులో ఉన్నారు. ఆయనొచ్చి పెడతార్లే అని వదిలేసేవాణ్ణి. దాంతో యంత్రమే న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ రెండు, మూడు అని అంకెలేసుకునేది. ఉత్తరానికొక ఫోల్డర్ చొప్పున నెల తిరిగేసరికి ఇరవై ఏడయ్యాయి. తెర చూస్తే బారసాల కాని పిల్లల వార్డులా ఉండేది.

ఒక మధ్యాహ్నం శ్రీకాకుళం ఫిట్టరు ఒకాయన వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. మా కార్ఖానావాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఆయనకి క్వార్టరు ఖాయమైంది. ఆర్డరు నేనే కొట్టి దాచాను. నాలుగింటికి ఆఫీసరు బిలాస్‌పూర్ బయల్దేరేలోగా సంతకం కాకపోతే ఆ క్వార్టరు తరవాతివాడికి పోతుంది. ఇప్పుడున్న అద్దింటి యజమాని ఒకటో తారీకుకల్లా ఖాళీ చెయ్యమన్నాడట.

"ఏటి బాబూ, దొరకనేదా?"

"ఇందులోనే ఉంది. ఎందులో ఉందో తెలీదు."

"అన్నీ కొత్తయ్యేనంటన్నాది. మరి నాదేదీ? జల్దీ సూడు బాబూ, సాబు జీపెక్కేత్తాడు!"

ఒక్కొక్కటే తెరిచాను. కంగారులో చూసినదాన్నే మళ్ళీ చూశాను. ఇలా కాదని, తెరిచిన ప్రతిదానికీ పేరు కొట్టడం మొదలెట్టాను: యూనిఫారాలు, సెలవులు, పంపు మరమ్మతు. మొదటి పేరు కొట్టేముందు బడేబాబు ఖాళీ కుర్చీ వైపు చూశాను. ఐదోదానికి అలవాటైపోయింది. పంతొమ్మిదోది ఆయనది. ప్రింటరు గీ అంటూ ఒక్కో వరుసే కొడుతుంటే ఆయన కాగితం కొసని రెండు చేతులా పట్టుకున్నాడు, ఈనుతున్న ఆవు నుంచి దూడని అందుకుంటున్నట్టు. జీపు బానెట్ మీద సంతకమైంది.

సోమవారం బడేబాబు నల్లద్దాలతో వచ్చారు. జరిగింది చెప్పి తలొంచుకున్నాను. ఆయన తెరకి మొహం ఆనించి పేర్లన్నీ చదివారు. కింద మిగిలిన ఎనిమిది న్యూ ఫోల్డర్ల దగ్గర ఆగారు.

"క్యోం భాయ్, ఈ ఎనిమిదీ నాకోసం ఉంచావా?"

"జీ, బడేబాబూ."

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన ఒక్కో పేరే చెబుతుంటే నేను కొట్టాను.