పొట్టి బండిలో మూత ఉన్న పెట్టె

సీ బుక్కు చూడందే మా షాపులో ఏ బండి సీటు మీదా కత్తెర పెట్టేవాళ్ళం కాదు. ఆ నియమం నాది, మా ఆయనది కాదు. బెజవాడ వన్ టౌన్‌లో సీటు కవర్లు కుట్టే మిగతా షాపులవాళ్ళు ఎవరూ అడగని ఆ రిజిస్ట్రేషన్ కాగితం నేను అడిగేదాన్ని. "రెగ్జిన్ వేయించుకోవడానికొస్తే రిజిస్ట్రేషన్ ఆఫీసుకొచ్చినట్టుందండీ" అని ఒకాయన నా ముఖం మీదే అన్నాడు. అంటే అననీ అనుకున్నాను.

పామర్రు నుంచి వచ్చినాయన మాత్రం ఎగతాళి చెయ్యలేదు. సీ బుక్కు అడగ్గానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నా అనుమానం అక్కడే మొదలైంది.

ఆయనకు యాభై అయిదేళ్ళుంటాయి. జీపుకీ కారుకీ మధ్యరకం పొట్టి బండి ఒకటి తెచ్చాడు. "సాయిబు గారూ, వెనక సీట్లు పీకేసి ఇందులో కాపురం ఉండేటట్టు చెయ్యాలండీ" అన్నాడు మా ఆయనతో.

"కాపురమా?"

"అవునండి. పడుకోవాలి, కూచోవాలి, ఇంత వండుకోవాలి. మూడు నాలుగు నెలలు అందులోనే ఉండాలి."

తనకు వరికోత మిషను ఉందని, కోతలు ఎక్కడ పడితే అక్కడికి దాని వెంట తిరగాలని చెప్పాడు. నిజమే కావచ్చు. అప్పటికి మా వైపు కోత మిషన్లు వచ్చి కొన్నేళ్ళయింది. కానీ ఆ మిషన్ల వెంట తిరిగేవాళ్ళను నేను చూశాను. ట్రాలీ నీడన పట్టా పరుచుకుని పడుకుంటారు. మెత్తటి పరుపు, కిటికీలకు తెరలు, ఫ్యాను వాళ్ళెవరూ అడగరు. పైగా వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించి, "పని షట్టరు లోపలే చెయ్యండి. ఎవరన్నా అడిగితే మామూలు సీటు కవర్లని చెప్పండి" అన్నాడు.

మర్నాడు సీ బుక్కు తెచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంటుంది. నాకు తెలుగు అక్షరాలే నలభై దాటాక వచ్చాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఈ సీ బుక్కుల కోసమే నేర్చుకున్నాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుని, ఆయన రెండుసార్లు గడియారం చూసుకునేదాకా చదివాను. అందులో ఉన్నది ఆడమనిషి పేరు.

"ఎవరండీ ఈవిడ?"

"మా ఇంట్లోవాళ్ళే" అన్నాడు, తల ఎత్తకుండా.

నేను అక్షరాలు నేర్చుకున్నది చదువు మీద ప్రేమతో కాదు, భయంతో. మద్యనిషేధం ఉన్న రోజుల్లో ఒకతను తన వ్యానులో సీటు కింద పెట్టె చేయించుకున్నాడు. లోపల రెగ్జిన్ అంటించాలి, తడి బయటికి రాకూడదు, వాసన అసలే రాకూడదు అన్నాడు. చేపలకు కాబోలు అనుకున్నాం. మా ఆయన ఎంతో శ్రద్ధగా చేశాడు. నెల తిరక్కుండా ఆ పెట్టెలో సారా దొరికింది. పెట్టె ఎవరు చేశారని ఆరా తీసి పోలీసులు మా ఇంటికి వచ్చారు. మా ఆయన్ని రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. వదిలేముందు ఒక కాగితం మీద నన్ను వేలిముద్ర వేయమన్నారు. అందులో ఏముందని అడిగితే, "నీ మొగుడు ఇంటికి రావాలా, వద్దా?" అన్నారు. వేశాను. మూడేళ్ళు వాయిదాలకు తిరిగాక కేసు కొట్టేశారు గానీ, ఆ మూడేళ్ళలో మా షాపు సగం రోజులు మూతపడే ఉంది. మంచి ఖాతాదార్లు పక్క షాపులకు పోయారు. ఇంకొక్క కేసు పడితే షాపు మిగలదు. బీపీ తెచ్చుకున్న మా ఆయన స్టేషన్ బల్ల మీద ఇంకో రెండు రోజులు కూర్చోలేడు.

ఆ తర్వాతే మా వీధిలో మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు చదువు చెప్పే టీచరమ్మ దగ్గరికి పలక పట్టుకుని వెళ్ళాను. మద్యం మళ్ళీ షాపుల్లోకి వచ్చినా సారా మీద కేసులు ఆగలేదు. నా భయమూ ఆగలేదు.

అయినా పని మొదలుపెట్టాం. అనుమానం అనుమానమే, పని పనే.

చిన్న బండిలో పక్క వెయ్యడం ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. వెనక చక్రాల మీద రేకు గూళ్ళు ఉబ్బెత్తుగా ఉంటాయి. వాటి ఎత్తుకు సమానంగా ప్లైవుడ్ చట్రం కట్టి, దాని మీద చెక్కలు పరిచాం. పరుపు ఒక్కటిగా కాక మూడు ముక్కలుగా కుట్టాను. రాత్రి పరిస్తే మంచం, పగలు మడిస్తే కూర్చునే సోఫా. బెజవాడ ఎండకు బండి టాపు పెనంలా కాలుతుంది కాబట్టి రేకు కింద థర్మాకోల్ షీట్లు అంటించి పైన గుడ్డ వేశాం. కాలవ గట్టున బండి ఆపుకుంటే దోమలు మనిషిని మోసుకుపోతాయని కిటికీలకు మెష్ బిగించాం. వెనక తలుపుకు లోపలివైపు మడత చెక్క పెట్టాలన్న ఆలోచన మా ఆయనది. తలుపు తెరిచి చెక్క దింపితే అదే పొయ్యి బల్ల. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను తలవైపు పెట్టాం.

పరుపు పడ్డాక లోపలికెక్కి పడుకుని చూశాను. కాళ్ళు తన్నుకోలేదు. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగిలింది. మా ఇంట్లో మంచం కంటే సుఖంగా ఉంది. ఇంత సుఖం ఎవరి కోసమని లేచి కూర్చున్నాను. టేపు తీసి వెడల్పు కొలిచాను. అది ఇద్దరి పక్క.

ఆయన వచ్చినప్పుడు అడిగేశాను. "ఒక్క మనిషికి ఇంత వెడల్పెందుకండీ?"

"నేను దొర్లుతానమ్మా."

మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. పామర్రు ఆయన వెళ్ళిపోయాక నా మీద పడ్డాడు. "దొర్లితే దొర్లనీ, చిన్నిల్లు పెడితే పెట్టనీ. నీకెందుకే? అక్షరాలు నేర్చుకున్నాక నువ్వు ఎస్సైవైపోయావు."

"ఎస్సై నిన్ను తీసుకుపోయినప్పుడు నాకు అక్షరాలు రావుగా" అన్నాను.

పని ముగింపుకు వచ్చిందనగా పామర్రు ఆయన ఇంకో పని చెప్పాడు. వెనక మూలన, పరుపుకూ తలుపుకూ మధ్య మిగిలిన చోటులో, మోకాలెత్తు పెట్టె కావాలి. పైన మూత ఉండాలి. మీద మనిషి కూర్చుంటే కుంగకూడదు. చుట్టూ తెర ఉండాలి. "లోపలంతా రెగ్జిన్ వెయ్యండి. తడి బయటికి రాకూడదు. వాసన రాకూడదు" అన్నాడు.

కత్తెర పక్కన పెట్టేశాను. ఆ రెండు మాటలూ అదే వరసలో ఒకసారి విన్నాను.

"ఏం పెడతారండీ అందులో?"

"సామాన్లమ్మా."

"ఏం సామాన్లు?"

"మిషన్ సామాన్లు. ఆయిలు డబ్బాలు, అవీ ఇవీ."

"ఆయిలు డబ్బాలకు తెర ఎందుకండీ? సిగ్గా వాటికి?"

ఆయన ముఖం ఎర్రబడింది. మా ఆయన వైపు తిరిగి, "సాయిబు గారూ, పని చేసేది మీరా, ఈవిడా?" అన్నాడు. మా ఆయన రెండు వైపులా చూసి, "మూడు రోజుల్లో చేసిద్దామండీ" అన్నాడు.

"చెయ్యం" అన్నాను నేను. "బండి ఈయనది కాదు. ఎవరి పేరున ఉందో ఆవిడ వచ్చి, అందులో ఏం పెడతారో నాతో చెబితే చేస్తాం."

"ఆవిడ రాదమ్మా."

"ఎందుకు రాదు?"

"రాలేదు."

"అయితే పెట్టె లేదు. బండి తీసుకుపోండి."

ఆయన బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కోపంగా ఏదో అంటాడనుకున్నాను. "ఎల్లుండి ఆవిణ్ణి తీసుకొస్తా" అని, బండి షాపులోనే వదిలి వెళ్ళిపోయాడు. ఎవర్నో ఒకర్ని భార్య అని చెప్పి తెస్తాడని మా ఆయనతో అన్నాను. సీ బుక్కులో పేరు నాకు నోటికి వచ్చు. ఆమె చేత సంతకం పెట్టించి పోల్చుకుందామని తెల్లకాగితం, పెన్ను కూడా సిద్ధం చేసుకున్నాను.

తొమ్మిదింటికి రావలసినవాళ్ళు పదకొండున్నరకు అద్దె కారులో వచ్చారు. ఆయన ముందు దిగి, వెనక తలుపు తీసి, చేతిలో దుప్పటి విప్పి పట్టుకున్నాడు. ఆమె దిగుతూనే ఆ దుప్పటి నడుం చుట్టూ కప్పుకుంది. నా కంటే నాలుగైదేళ్ళు పెద్దది. నన్ను చూసి నమస్కారం పెట్టబోయి, దుప్పటి జారుతుందని మానుకుంది.

"లోపల చోటుందా అమ్మా?" అంది.

షాపు వెనకే మా ఇల్లు. తీసుకెళ్ళి బాత్రూం చూపించాను. తలుపు దాకా నేల మీద తడి అడుగులు పడ్డాయి. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. నా చీర ఒకటి, లంగా ఒకటి తలుపు సందులోంచి అందించాను.

కట్టుకుని వచ్చి, మంచం మీద కూర్చోవడానికి జంకి నేల మీద కూర్చుంది. నేనే చెయ్యి పట్టుకుని లేపి మంచం మీద కూర్చోబెట్టాను.

"గర్భసంచి తీసేశారమ్మా. ఆ ఆపరేషను తర్వాత ఇది పట్టుకుంది. అరగంట కూడా ఆగదు. బస్సెక్కి ఎనిమిదేళ్ళయింది. చెల్లెలి కూతురి పెళ్ళిక్కూడా వెళ్ళలా. ఇయ్యాల మూడు చోట్ల కారాపించాం. కంకిపాడు దాటాక చాటు దొరకలా. బెంజ్ సర్కిల్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుపోయాం. ఇంక నా వల్ల కాలేదు."

ఆయన మిషను వెంట పోయిన నెలల్లో తను ఒక్కతే ఇంట్లో ఉండేదట. ఈసారి తననూ తీసుకుపోతానని బండి కొన్నాడట. మొదట పామర్రులోనే ఒక వడ్రంగికి చెప్పారు. అతను చెక్క కోయకముందే ఊరంతా తెలిసిపోయింది.

"టీ కొట్టు దగ్గర కుర్రకారు మా ఆయన్ని 'దొడ్డి కారు ఎప్పుడు దింపుతున్నావు బాబాయ్' అన్నారంట. ఇంటికొచ్చి అన్నం తినలా. ఇంక ఎవరికీ చెప్పనని ఒట్టేసుకున్నాడు. మీరు సీ బుక్కు అడిగారంట కదా, మీరు పోలీసోళ్ళ మనుషులేమోనని కూడా భయపడ్డాడు."

అంతా విని కూడా నేను అడిగాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. "మరి బండి మీ పేరునెందుకుంది?"

"పొలం నాదమ్మా. మా నాన్న ఇచ్చింది. అందులో కొంచెం అమ్మి కొన్నాం. ఇంకెవరి పేరు పెడతాం?"

ఆ పెట్టె లేకుండా గడప దాటలేని మనిషిని, ఆ పెట్టె చెయ్యడానికి పామర్రు నుంచి రప్పించాను. కాగితం, పెన్ను తీసి దిండు కింద పెట్టేశాను.

"ఆయన నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే..." అన్నాను.

"మగాడు మీతో ఎట్టా చెప్తాడమ్మా? నాతోనే ఆ మాట పేరు పెట్టి అనడు."

మా ఆయనతో "బకెట్టు పట్టే పెట్టె" అని మాత్రం చెప్పాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, రంపం తీసుకున్నాడు. కొలతలు నేను తీశాను. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనేదాకా స్టూలు మార్చి మార్చి, ఆమె మోకాలికి సరిపడా ఎత్తు పెట్టాను. ఆయన చెప్పిన ఎత్తు నాలుగు అంగుళాలు ఎక్కువ. ఆ ఎత్తున చేసి ఉంటే ఆమె కాళ్ళు గాల్లో వేలాడేవి. రెగ్జిన్ కుడితే సూది రంధ్రాల్లోంచి తడి దిగుతుంది కాబట్టి కుట్టకుండా, మూలలు మడిచి సొల్యూషన్‌తో అంటించాను. లేవడానికి పట్టు ఉండాలని కుడివైపు ఇనుప పిడి బిగించమన్నాను. పైచెక్క అంచుల్ని మా ఆయన ఉప్పుకాగితంతో రుద్దుతూనే ఉన్నాడు, చాలని చెప్పినా వినకుండా.

ఆమెను మళ్ళీ అద్దె కారులో పంపడానికి నాకు మనసొప్పలేదు. మధ్యాహ్నం మా ఇంట్లోనే అన్నం తిన్నారు. ఆమె మంచినీళ్ళు మాత్రం గుక్కెడు కంటే తాగలేదు. "ఇంటికెళ్ళాక తాగుతాలే" అంది. ఎనిమిదేళ్ళుగా అదే అలవాటట. నాలుగు గంటలకు పెట్టెను బండిలో బిగించాం. మగవాళ్ళిద్దర్నీ బయటికి పంపి షట్టరు దించాను.

"ఎక్కి చూడండి. ఏదన్నా తేడా ఉంటే ఇప్పుడే సరిచేస్తా" అన్నాను.

ఆమె పిడి పట్టుకుని ఎక్కింది. తెర లాగింది. తర్వాత తెర వెనక నుంచి సన్నగా అడిగింది.

"బయటికి వినపడుద్దా అమ్మా?"

షట్టరుకు అవతల మగవాళ్ళు మాట్లాడుకోవడం నాకు వినపడుతోంది. నేను వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాను. అది పాత మిషను. తొక్కితే షాపంతా దడదడలాడుతుంది.

"ఏం కుడుతున్నావే, పనంతా అయిపోయిందిగా?" బయట నుంచి మా ఆయన కేకేశాడు.

"నీకెందుకు? టీ తాగు!" అన్నాను.

ఆమె తెర తీసి నన్ను పిలిచేదాకా, గుడ్డ లేకుండానే తొక్కుతూ కూర్చున్నాను.