ఫొటో ఇవ్వని అంకుల్

సిడ్నీలో చదువుకునే రోజుల్లో నేను హారిస్ పార్క్‌లోని ఒక మిఠాయి కొట్టులో పనిచేసేవాణ్ణి. ఆ కొట్టు యజమానిని అంకుల్ అని పిలిచేవాణ్ణి. ఆయన సాయంత్రాలు దగ్గర్లోని క్లబ్బులో పోకర్ అనే పేకాట ఆడేవారు. అక్కడ ఆడేవాళ్ళందరికీ ఆయనంటే గౌరవం. తాను ఓడినా సరే, గెలిచినవాళ్ళ చెయ్యి పట్టుకుని "బాగా ఆడారండీ" అని మనస్ఫూర్తిగా చెప్పేవారు.

ఒకరోజు ఒక ఆన్‌లైన్ జూదం సైటు వాళ్ళు ప్రకటనకు ఆయన ఫొటో కావాలని మెయిల్ పంపారు. ఆ సైటు ఉద్యోగులు ఆటగాళ్ళ పేకముక్కలు దొంగచాటుగా చూశారని అప్పటికే బయటపడింది. అయినా పేరున్న ఆటగాళ్ళు కొందరు దాన్ని మెచ్చుకుంటూ ప్రకటనల్లో కనిపిస్తూనే ఉన్నారు.

"అంత పెద్ద ప్లేయర్సే చెప్తున్నారు కదా అంకుల్, ఒప్పుకోండి," అన్నాను.

"వాళ్ళని చూసి నువ్వు నమ్మావు. నన్ను చూసి మీ యూనివర్సిటీ పిల్లలు నమ్ముతారు. రేపు వాళ్ళ ఫీజులు పోతే నేను ఏ మొహం పెట్టుకుని ఈ కొట్లో కూర్చోవాలి? కుదరదని రాసెయ్యి."

ఆయన మాటగా నేనే జవాబు రాసి పంపాను. ఆ సైటులో నాకూ ఖాతా ఉందని, నా సెమిస్టర్ ఫీజు అందులో పెట్టబోతున్నానని ఆయనకు తెలియదు. ఆయన పక్కనే నిలబడి ఆ ఖాతా మూసేశాను.

పట్టా అందుకున్న రోజు ఆయన నా చేతిలో మిఠాయి డబ్బా పెట్టారు. "థాంక్స్ అంకుల్," అన్నాను. మిఠాయికే అనుకున్నారాయన.